బోధనోపకరణముల కింద రెండు ముందుపళ్ళు

ప్రాథమిక విద్యాధికారి గారి సముఖమునకు, ఒకటో తరగతి టీచరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, పెద్దసారు గారి ద్వారా సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: జంటాక్షర ధ్వని బోధన – విధి నిర్వహణలో ఉపాధ్యాయురాలి పై వరుస ముందుపళ్ళు రెండు ఊడుట – బోధనోపకరణముల కింద మంజూరు కోరుట – మరియు బడికి వచ్చిన బాలిక ఒకతె రానట్టు నమోదగుట – సరిదిద్ద ప్రార్థించుట – గురించి.

సూచిక: 1. తమ కార్యాలయపు జంటాక్షర ఉత్తర్వు. 2. నా మొదటి అర్జీ, నా రెండో అర్జీ. 3. వాటికి తమ కార్యాలయం వేసిన ప్రశ్నలు. 4. ఆ ప్రశ్నలకు నేనిచ్చిన జవాబులు, వాటిపై తమ కార్యాలయం పాటించుచున్న మౌనం.

పై విషయమును పురస్కరించుకొని తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను ఈ బడిలో ఒకటో తరగతికి చదువు చెప్పుచున్నదానను. మా గది వరండా చివర, సైకిళ్ళు పెట్టే చోటుని ఆనుకుని ఉంటుంది. ఎవరి సైకిలు స్టాండు తీసినా మా పాఠం ఒకసారి ఉలిక్కిపడుతుంది. అట్టి గదికి తమ ఉత్తర్వు చేరినది. అందులో ఇట్లున్నది: “జంటాక్షరములను విడదీసి పేర్లతో చెప్పరాదు. ‘తకు తవత్తు ఇస్తే త్త’ అను పాత పాటను నిలిపివేయవలెను. జంటను ఒకే ఊపిరిలో, ఒకే ధ్వనిగా పలికించవలెను. పిల్లలు ఉపాధ్యాయుని నోటిని జానెడు దూరము నుండి చూచి పెదవులు, పళ్ళు, నాలుక ఎచ్చట కలియునో గ్రహించవలెను.” ఉత్తర్వుతో పాటు ఒక బొమ్మ కూడా వచ్చింది. అందులో ఒక మనిషి తలని ముక్కు మీదుగా నిలువునా కోసి, లోపల నాలుక ఎలా పడుకుందో చూపించారు. కింద ‘నోరు మంచిదైతే ఊరు మంచిది’ అని అచ్చువేశారు. పిల్లలు దానికి ‘సగం తాత’ అని పేరు పెట్టారు. మొదటి వారం ఇద్దరు పిల్లలు ఆ గోడ వైపు వీపు పెట్టుకుని కూర్చున్నారు.

అయినా అయ్యా, అబద్ధమాడితే ఉన్న పళ్ళూ ఊడతాయి గనక నిజమే చెబుతాను. పద్ధతి మంచిదే. పాత పాటలో పిల్లలు ‘తవత్తు’ని గొంతెత్తి పాడేవాళ్ళు గానీ, పుస్తకంలో అత్త కనపడితే ‘అ, త, తవత్తు’ అని ఆగిపోయేవాళ్ళు. ఆ మూడింటి మధ్యా అత్త ఎక్కడో తప్పిపోయేది. కొత్త పద్ధతిలో రెండక్షరాలు ఒకదాని కింద ఒకటి నిలబడితే ఒకే మాటున పలకాలని పిల్లలకి తెలిసింది. నా నోట్లోకి తొంగిచూసి, నాలుక పళ్ళ వెనక ఎలా ఆనుతుందో చూసి, తమ నాలుకలు తామే ఆనించుకుని ‘త్త’ అన్నారు. అత్త దొరికింది. నాకు ఎంత సంబరమైందో చెప్పడానికి తమ ఉత్తర్వులో గడి లేదు.

2. ఆ సంబరంలోనే నా పళ్ళు పోయాయి.

ఆ రోజు పాఠం ‘ద్ద’. పెద్ద, ఎద్దు, వద్దు. నేను మొదటి చాప దగ్గర వంగి, జానెడు దూరం తప్పకుండా, ఒక్కొక్కరికీ నోరు చూపిస్తున్నాను. చాప చివర ఒక పిల్ల ఉంది. ఆ పిల్ల పేరు హాజరు పట్టీలో ఒకటి ఉంది గానీ బడిలో అందరూ గంట అనే పిలుస్తారు. గొంతు అలాంటిది. అది పాఠం చదివితే గేటు దగ్గర వాచ్‌మన్‌కి కూడా ఆ పాఠం వచ్చేస్తుంది. వాళ్ళమ్మ వీధి మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకుంది. మా అందరి బట్టలూ ఆవిడ దగ్గరికే వెళతాయి.

గంట నా నోట్లోకి చాలాసేపు చూసింది. నోరు తెరిచింది, మూసింది. దాని నాలుక ఎక్కడో వెతుక్కుంటోందని నాకు తెలుస్తూనే ఉంది. ఒక్కసారిగా దొరికింది. “వద్దు!” అని అరిచి, ఆనందం పట్టలేక, “వచ్చేసింది టీచర్!” అంటూ కూర్చున్నది కూర్చున్నట్టు ఎగిరి లేచింది. జానెడు దూరంలో నా నోరుంది. ఆ పిల్ల తల గట్టిది.

ఒక పన్ను అక్కడికక్కడే చాప మీద పడింది. రెండోది సగం విరిగి ఊగులాడుతుంటే సాయంత్రం పళ్ళ డాక్టరు తీసేశాడు. నోటి నిండా రక్తం. పిల్లలంతా ఏడుపు. గంట ఏడవలేదు. చాప మీద పాకి, పన్ను వెతికి, అరచేతిలో పెట్టుకుని నా ముందు నిలబడింది.

“టీచర్, అక్షరం విరిగిపోయిందా?” అంది.

నేను కొంగు నోట్లో కుక్కుకుని ఉన్నాను. ఆ పిల్ల దానికి తనే ఏదో జవాబు చెప్పుకుంది కాబోలు. మర్నాటి నుంచి నోరు తెరవలేదు.

3. పళ్ళు పోయాక పోయింది రెండు పళ్ళే కాదని తెలిసింది. ‘త’ పోయింది, ‘ద’ పోయింది. ఆ రెండూ నాలుక వెళ్ళి పళ్ళకి ఆనితే గానీ పుట్టవు. నా నాలుక ఆనబోయి బయటికి వచ్చేస్తోంది. త అంటే థ, ద అంటే ధ. ఇక ‘స’ అనబోతే ఈల వస్తోంది. ఇది ఊరికే అంటున్న మాట కాదు. సీసా అంటే రెండు ఈలలు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూసే ఈలలు.

మా ఇంట్లో మా అత్తగారికి పూర్తి కట్టుడుపళ్ళ సెట్టు ఉంది. పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడని ‘అత్తయ్యా’ అనే పిలుస్తున్నాను. ఆ సాయంత్రం “అథ్థయ్యా” అన్నాను. ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, “ఎవరే వచ్చిందీ?” అంది. సంగతి తెలిశాక జాలిపడి, గ్లాసులో నానబెట్టిన సెట్టు తీసి నా చేతిలో పెట్టింది.

“బడికి పెట్టుకెళ్ళవే అమ్మాయ్. వచ్చాక ఇచ్చెయ్. పగలంతా నేను మాట్లాడేందుకు ఇంట్లో ఎవరున్నారు గనక?”

ఆవిడ మనసు పెద్దది. దవడ చిన్నది. అత్తాకోడళ్ళకి మాట కలవడం కష్టమంటారు గానీ, మాకు మాట ఎప్పుడూ కలిసింది, కొలతే కలవలేదు.

4. (ఈ అంశంలో చెప్పదలచినది 3లోనే చెప్పేసినాను. అయితే అంకె వేసిన తరువాత కొట్టివేతలు ఉండరాదని తమ ఉత్తర్వు కనుక దీనిని ఇట్లే ఉంచడమైనది.)

5. తరగతిలో జరిగినది ఇంకా ఘోరము. మా పిల్లలు ఉత్తర్వులు పాటించే పిల్లలు. టీచరు నోరు చూసి అలాగే అనమన్నారు కదా, అలాగే అన్నారు. అందరికీ పళ్ళున్నా అందరూ నాలుకలు బయటపెట్టి ‘అథ్థ, పెధ్ధ’ అన్నారు. సీసా పాఠం రోజు తరగతి తరగతంతా ఒక్కసారి ఈల వేసింది. వాచ్‌మన్ కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

తరవాత తండ్రులు వచ్చారు. లారీ నడిపే ఆయన ఒకడు వరండాలో నిలబడి, చాలా మర్యాదగానే అడిగాడు.

“టీచర్ గారూ, మావాడు ఇంట్లో వాళ్ళ మేనత్తని ‘అత్తా’ అనే పిలుస్తాడు. పుస్తకం పట్టుకుంటే మాత్రం ‘అథ్థ’ అంటాడు. అదేంట్రా అంటే, ‘అది ఇంటి అత్త, ఇది బడి అథ్థ’ అంటున్నాడు. పుస్తకాల్లో భాష వేరేగా ఉంటుందా అండీ?”

అయ్యా, తమ ఉత్తర్వులు చదివినప్పుడు నాకూ ఆ అనుమానం వస్తూ ఉంటుంది.

ఇస్త్రీ బండి ఆవిడ అందరికంటే చివర వచ్చింది. ఆవిడ ఫిర్యాదు వేరు.

“టీచరమ్మా, మా పిల్ల ఇంట్లో కూడా నోరు విప్పట్లేదు. అన్నం తినడానికి తెరుస్తుంది, మళ్ళీ మూసేస్తుంది. ఇదివరకు బట్టలు చుట్టి తెచ్చే పాత పేపర్లన్నీ నా నెత్తి మీద కూర్చుని చదివేది. ‘కాసేపు ఆపవే తల్లీ, తలనొప్పిగా ఉంది’ అని నేనే తిట్టేదాన్ని. ఇప్పుడు పేపరు ఇస్తే చూసి పక్కన పెడుతోంది. అరవమని బతిమాలుతున్నా అరవట్లేదు. కొట్టారా ఏమైనా?”

“లేధమ్మా. అధే నన్ను కొట్టింధి,” అన్నాను.

ఆవిడకి నవ్వు రాలేదు. నాకూ రాలేదు.

6. ఇట్టి పరిస్థితులలో నేను తమ కార్యాలయమునకు మొదటి అర్జీ పెట్టుకొంటిని. పద్ధతి తమది, దూరం తమది, వంగినది ఉత్తర్వు ప్రకారం. కనుక బోధనకు అవసరమైన ముందుపళ్ళు రెండు బోధనోపకరణముల కింద ఇప్పించవలెనని ప్రార్థించితిని. పెద్దసారు సంతకం పెడుతూ, “పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు. ఉత్తర్వుతో ఊడగొట్టుకున్నవాళ్ళని మిమ్మల్నే చూశాను టీచర్ గారూ,” అన్నారు. మంచివారు. భయస్తులు. సంతకం పెట్టాక సిరా ఆరేదాకా ఆ కాగితాన్ని తన బల్ల మీద ఉంచుకోవడానికి కూడా ఇష్టపడరు.

తమ కార్యాలయం నుండి జవాబు త్వరగానే వచ్చినది. ఆహార విభాగం నుండి వచ్చినది. “తాము కోరిన ముందుపళ్ళు, అనగా ముందస్తుగా ఇవ్వవలసిన పళ్ళు, మంజూరు చేయు నిబంధన లేదు. పిల్లలకు పళ్ళు వారాంతముననే ఇవ్వబడును. తరగతి మొత్తమునకు రెండు పళ్ళు ఏ విధముగా సరిపోవునో, అవి ఏ రకము పళ్ళో సంజాయిషీ తెలుపవలెను.”

పెద్దసారు దాన్ని రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “దంతాలు అని రాయాల్సింది. మన భాషలో నోట్లోవీ పళ్ళే, బుట్టలోవీ పళ్ళే. పాపం వాళ్ళు మాత్రం ఏం చేస్తారు?”

రెండో అర్జీలో దంతములు అని రాసితిని. అది స్టోర్సు విభాగమునకు వెళ్ళినది. వారు మూడు ప్రశ్నలు పంపినారు. సదరు దంతములు పాఠశాల స్టాకు రిజిస్టరులో ఏ పేజీలో నమోదైనవి? పాడైన దంతములను జమ చేసి రసీదు పొందితిరా? అదే పాఠశాలలో ఇతర ఉపాధ్యాయుల వద్ద మిగులు దంతములు ఉన్నచో సర్దుబాటు చేసుకొనుటకు అభ్యంతరమేమి?

జవాబులు వినయంగానే ఇచ్చుకున్నాను. ఆ దంతములు నాతో పాటు ఉద్యోగంలో చేరినవే గానీ వాటికి వేరే నియామక పత్రం లేదు. పాడైనవాటిలో ఒకటి డాక్టరు చెత్తబుట్టలో ఉంది. రెండోది ఒకటో తరగతి బాలిక పెన్సిలు డబ్బాలో ఉంది, అడిగితే ఇవ్వనని తల అడ్డంగా ఊపుతోంది. మిగులు విషయమై విచారించగా, పెద్దసారు గారి వద్ద ఉన్నవి వారికే చాలడం లేదు. మూడో తరగతి టీచరుకి ఒకటి అదనంగా, ఎత్తుగా ఉన్నమాట నిజమే గానీ ఆవిడ దాన్ని వదులుకోవడానికి సుముఖంగా లేరు.

అటు తరువాత తమ కార్యాలయం నోరు మూసుకొన్నది. క్షమించవలెను. మౌనం వహించినది.

7. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టుంది నా పని. పాత పాట పాడకూడదు, కొత్త పాట పలకలేను. తనిఖీ దగ్గర పడుతోంది. పిల్లలేమో రోజురోజుకీ ఇంకా చక్కగా తప్పు పలుకుతున్నారు. ఒక మధ్యాహ్నం, మిగతా పిల్లలు చేతులు కడుక్కోవడానికి వెళితే, గంట ఒక్కతే చాప మీద ఉంది. దాని పక్కన కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో అప్పటికి నాకూ తెలియదు. కాళ్ళు పీకుతున్నాయి, అంతే.

అది పెన్సిలు డబ్బా తెరిచి నా పన్ను తీసింది. కడిగినట్టుంది, తెల్లగా ఉంది. నా వైపు చాపింది. అన్నాళ్ళకి మొదటిసారి దాని గొంతు విన్నాను. గంట కాదు, పిచ్చుక గొంతు.

“అతికించుకోండి టీచర్.”

“అతకదు తల్లీ.” నా నోట్లో ఆ మాట ‘అథకధు’ అని వచ్చింది. అది తలవంచుకుంది.

“జిగురు పెడితే?”

“జిగురు పెట్టినా ఉండదు.”

“మరి నేనేం చెయ్యాలి?”

ఆ ప్రశ్న అది ఎన్నాళ్ళుగా మోస్తోందో అయ్యా! ‘నువ్వేం చెయ్యక్కర్లేదు, నీ తప్పు కాదు’ అని ముందే చాలాసార్లు చెప్పాను. వాళ్ళమ్మా చెప్పింది. ఆ మాట దానికి పనికిరాలేదు. దానికి కావలసింది క్షమాపణ కాదు, పని. అది నాకు ఆ క్షణంలోనే తట్టింది.

“నీకు పళ్ళున్నాయి కదా. నీ నోరు నాకు అరువివ్వు,” అన్నాను. “బోర్డు మీద నేను చూపిస్తాను. నువ్వు పలుకు. అందరూ నీ నోరు చూస్తారు.”

పన్ను మళ్ళీ డబ్బాలో పెట్టి మూసింది. తరవాత నా మొహం దగ్గరికి వచ్చి, జాన పెట్టి దూరం కొలిచింది. సరిగ్గా జానెడు ఉండేలా వెనక్కి జరిగింది. నోరు తెరిచి, నాలుక పళ్ళ వెనక ఆనించి, మెల్లగా “త్త” అంది. నేను తలూపాను. “ద్ద” అంది. “అత్త. అద్దం. పెద్ద. ముద్దు.” ఇంతలో పిల్లలు తడిచేతులతో లోపలికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. అది వాళ్ళని చూసింది. నన్ను చూసింది. ఆ తరవాత “అత్త మీద కోపం దుత్త మీద!” అని అరిచిన అరుపుకి సైకిళ్ళ దగ్గరున్న వాచ్‌మన్ “వచ్చె, గంట వచ్చె!” అని నవ్వాడు.

ఆ వారంలోనే తరగతి బాగుపడింది. నేను బెత్తంతో అక్షరం చూపించేదాన్ని. గంట నా స్టూలు పక్కన నిలబడి పలికేది. పిల్లలు వంతులవారీగా వచ్చి దాని నోట్లోకి తొంగిచూసేవాళ్ళు. లారీ ఆయన కొడుక్కి ఇంటి అత్తా బడి అత్తా ఒకరేనని తెలిసింది. ఇస్త్రీ బండి ఆవిడ ఒక సాయంత్రం వచ్చి, “మళ్ళీ తలనొప్పి మొదలైందమ్మా,” అని కళ్ళు తుడుచుకుంది.

8. తదుపరి తమ తనిఖీ అధికారి గారు విచ్చేసినారు. వారి పళ్ళు చాలా బాగున్నాయి. నవ్వినప్పుడు చూసినవి కావు, ఆవలించినప్పుడు చూసినవి.

వారు గుమ్మంలో నిలబడి, “ఎవరీ పాప? చాప మీద ఉండాల్సిన పిల్ల బోర్డు దగ్గర ఏం చేస్తోంది?” అన్నారు.

“మా క్లాసు పాపే సార్. నా బధులు పలుకుథోంధి సార్,” అన్నాను.

వారు వెనక్కి తిరిగి చూసుకున్నారు. “ఎవరు ఈల వేసింది?”

“ఈల కాధు సార్. సార్ అంటున్నాను సార్.”

అయ్యా, ఎంత గౌరవిస్తే అన్ని ఈలలు. అది నా దౌర్భాగ్యం. వారు మొహం కందగడ్డ చేసుకుని కుర్చీలో కూర్చున్నారు. పరీక్ష మొదలుపెట్టారు. చాప మీద ఉన్న ప్రతి పిల్లనీ పిలిచారు. ప్రతి పిల్లా చదివింది. పద్దు, గుత్తి, మెత్తన, బుద్ధి. ఒక్క నాలుక బయటికి రాలేదు. వారు తలూపుతూ రాసుకున్నారు. అందరూ అయిపోయాక గంట చెయ్యెత్తింది.

“సార్, నేను?”

“నువ్వు ఇందాకట్నుంచీ పలుకుతూనే ఉన్నావు కదమ్మా,” అన్నారు వారు. “అది బోధన కిందికి వస్తుంది. బోధించేవాళ్ళకి పరీక్ష లేదు.”

గంట గర్వంగా నవ్వింది. పెద్ద మర్యాద జరిగిందనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. చిన్నపిల్ల అనుకుందంటే అర్థం ఉంది. ఇన్నేళ్ళ ఉద్యోగం చేసినదాన్ని, నాకేమైంది?

తరవాత నివేదిక వచ్చింది. మొదటి వాక్యం: “ఉపాధ్యాయుని నోటిని జానెడు దూరము నుండి చూచుట వలన తరగతి యావత్తు జంటాక్షరములను స్పష్టముగా పలుకుచున్నది, పద్ధతి విజయవంతము.” రెండో వాక్యం: ఉన్నతాధికారిని చూచి ఈల వేసినందుకు ఉపాధ్యాయురాలు సంజాయిషీ ఇచ్చుకొనవలెను. మూడోది: గంటకి ఎదురుగా ఉన్న గడి ఖాళీ. ఖాళీ గడిని గైర్హాజరుగా భావించవలెనని నిబంధన ఉందట. పరీక్షకి గైర్హాజరైన పిల్లని శిశు తరగతికి తిప్పి పంపవలెనని ఇంకో నిబంధన ఉందట. జంటాక్షరాలు ఒకదాని కింద ఒకటి నిలబడడం చూశాను గానీ, రెండు నిబంధనలు ఇంత చక్కగా ఒకదాని కింద ఒకటి కలవడం నేను ఎన్నడూ చూడలేదు.

పెద్దసారు ఆ కాగితం పట్టుకుని మా గదికి వచ్చారు. నా వైపు చూడలేదు. “కాగితం మీద లేదు కదా టీచర్ గారూ, నేనేం చేసేది?” అన్నారు. గంట పుస్తకాల సంచీ తీసుకుని ఆయన వెనకే వెళ్ళింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

“టీచర్, నేను ఆ రోజు రాలేదా?”

“వచ్చావమ్మా.”

“మరి సార్ రాలేదన్నాడంట?”

“సార్ చూడలేదు.”

“నేను గట్టిగానే అరిచాను కదా,” అంది.

శిశు తరగతిలో పిల్లలు ఇంకా ముక్కు చీదుకోవడం నేర్చుకుంటున్నారు. వాళ్ళ మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. మధ్యాహ్నం ఇస్త్రీ బండి ఆవిడ వచ్చింది. ఈసారి అరిచింది. ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. “చదవలేని పిల్లని వెనక్కి పంపితే సరే. చదివించిన పిల్లని వెనక్కి పంపేది ఎక్కడైనా ఉందా అమ్మా? మీరు పంపారా, వాళ్ళు పంపారా? ఎవరు పంపారో ఆ పేరు చెప్పండి, నేను మాట్లాడతాను.”

పేరు చెప్పడానికి నాకు పేరేదీ దొరకలేదు. నిబంధన అని చెప్పాను. ‘నిబంధన’లో ద లేకపోయినా ఒత్తు ధ ఉంది గనక, ఆ ఒక్క మాట మాత్రం నా నోట్లో ఏ లోపమూ లేకుండా వచ్చింది.

9. కావున తమరు దయతలచి,

మొదటిది, ఆ బాలిక ఆ రోజు బడికి వచ్చినదనియు, తమ అధికారి గారి ఎదుటనే నిలబడినదనియు, ఆయన చెవులు మూసుకోవలసినంత గట్టిగా పలికినదనియు నమోదు చేయించి, ఆమెను ఒకటో తరగతిలో కూర్చుండబెట్టవలెను.

రెండవది, నా దంతముల విషయం. మొదటిదీ రెండవదీ కలిపి మంజూరు చేయుటకు నిబంధన అడ్డమొచ్చినచో, రెండవదానిని కొట్టివేయవచ్చును. నేను నోరు మూసుకుని బతకగలను. ఆ పిల్ల వల్ల కాదు. అది చూశాను.

ఈల విషయమై సంజాయిషీ: అది ఈల కాదు, గౌరవమే. పళ్ళు లేని గౌరవం అలాగే ఉంటుంది.

ఇంకొక్క మాట. ఆ పిల్ల పై వరుస ముందుపన్ను ఒకటి కదులుతోంది. పాలపన్ను. నాలుకతో అస్తమానం తోస్తోంది, వద్దన్నా వినదు. పన్ను ఎంత వేగంగా కదులుతుందో, తమ కార్యాలయంలో ఫైలు ఎంత వేగంగా కదులుతుందో రెండూ నాకు అనుభవమే. తమరి సంతకం ముందు పడుతుందో, ఆ పిల్ల పన్ను ముందు పడుతుందో అని భయపడి రాస్తున్నాను. ఇది తప్ప నా దగ్గర వేరే తొందర లేదు.

ఇదంతయు ఆవలింతకు ముందుగానే చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
ఒకటో తరగతి టీచరు

తా.క. – పెద్దసారు గారి సంతకం కోసం ఈ అర్జీని వారికి ఇచ్చాను. వారు సంతకం పెట్టకుండా బల్ల మీదే ఉంచుకుని మొత్తం చదివారు. చదివి, లేచి, శిశు తరగతికి వెళ్ళి గంటని చెయ్యి పట్టుకుని తెచ్చి మా చాప మీద కూర్చోబెట్టారు. “ఉత్తర్వు సార్?” అన్నాను. ఆయన మొహంలో అలాంటి నవ్వు నేనెప్పుడూ చూడలేదు. “కాగితం ప్రకారం ఈ పిల్ల బడిలో లేదు కదా టీచర్ గారూ. లేని పిల్ల ఎక్కడ కూర్చుంటే ఎవరికేం? శిశు తరగతిలో లేకపోయే బదులు ఇక్కడే లేకుండా ఉండనివ్వండి,” అన్నారు. సంతకం కూడా పెట్టారు. సిరా ఆరేదాకా ఆగారు కూడా.

పన్ను ఈ ఉదయం ఊడింది. గంట అరచేతిలో పెట్టుకుని వచ్చి, “టీచర్, నాకూ పోయింధి!” అని తన మాట తనే విని పడీపడీ నవ్వింది. బోర్డు మీద ‘త్స’ రాసి ఉంది. ‘ఉత్సాహం’. నేను గంట వైపు చూశాను, గంట నా వైపు చూసింది. మా ఇద్దరి దగ్గరా ఈలలే. ఇంతలో లారీ ఆయన కొడుకు ఎవరూ పిలవకుండానే లేచి వచ్చి స్టూలు పక్కన నిలబడ్డాడు. వాడికి కొత్తపళ్ళు రెండు అప్పుడే సగం దిగాయి.

“ఇవాళ్టికి పళ్ళు నేను టీచర్,” అన్నాడు. వాడి వెనక ఇంకో పిల్ల, “రేపు నేను,” అంది. చాప మీద నుంచి ఇంకో చెయ్యి లేచింది. ఇంకోటి.

కాబట్టి అయ్యగారూ, తమ తనిఖీ అధికారి గారు మళ్ళీ ఎప్పుడొస్తారో కాస్త ముందుగా కబురు చెయ్యండి. ఆ రోజు పళ్ళుగా నిలబడి ఎవరు గైర్హాజరు వేయించుకోవాలో పిల్లలు వంతులు వేసుకుంటారట.